పాత కంప్యూటర్‌కి తేలిక డెస్క్‌టాప్: ఏది ముందు చూడాలి, ఏది తర్వాత ఎంచుకోవాలి

(విశాఖపట్నంలో బడి ల్యాబులు, నెట్ సెంటర్లు, డీటీపీ షాపులు చూసుకునేవాళ్ల కోసం ఇచ్చిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లు కాస్త ముందుకి రండి, తెరమీద అక్షరాలు చిన్నవి.

పాత సిస్టమ్ గురించి ఎవరు మాట్లాడినా మొదటి ప్రశ్న ఒకటే: "ఏ లినక్స్ వెయ్యమంటారు సార్?" లినక్స్ అంటే విండోస్ బదులు ఉచితంగా వేసుకోగల ఆపరేటింగ్ సిస్టమ్, ఓఎస్. కానీ ఆ ప్రశ్న చివర అడగాల్సింది. ఎందుకో ముందే చెప్పేస్తాను. బరువైన డెస్క్‌టాప్, అంటే తెరమీద కిటికీలు, మెనూలు గీసే భాగం, తీసేసి తేలికది పెడితే మీకు మిగిలే ర్యామ్ నాలుగైదు వందల ఎంబీ. బ్రౌజర్‌లో ఒక న్యూస్ సైటు, ఒక మెయిల్, ఒక యూట్యూబ్ తెరిస్తే పోయేది దానికి రెండింతలు. ఈరోజు పాత కంప్యూటర్‌ని పడుకోబెడుతున్నది డెస్క్‌టాప్ కాదండి, బ్రౌజర్. ఆ సంగతి మనసులో పెట్టుకుంటే మిగతా ఎంపికలన్నీ సులువవుతాయి.

ఈ గొడవంతా ఇప్పుడెందుకొచ్చిందో మీకు తెలుసు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉండాలి. అడ్డదారిలో వేసేవాళ్లున్నారు. కానీ 24హెచ్2 వెర్షన్ నుంచి ప్రాసెసర్‌లో పాప్‌కౌంట్ అనే ఇన్‌స్ట్రక్షన్ లేకపోతే అది బూటే కాదు. పాత కోర్ 2 డుయో ప్రాసెసర్లలో అది లేదు. అక్కడితో ఆ దారి మూసుకుపోయినట్టే.

సరే, ముందు పెట్టె మూత తీద్దాం. మన ఊళ్లో ఇది తప్పదు. ఎంవీపీ కాలనీ, లాసన్స్ బే వైపు ఉప్పుగాలి, వన్‌టౌన్ వైపు పోర్టు దుమ్ము. "హ్యాంగ్ అవుతోంది" అని తెచ్చిన సిస్టమ్‌లో సాఫ్ట్‌వేర్ ముట్టుకోకముందే నాలుగు చూడాలి. ర్యామ్ స్టిక్ తీసి, బంగారు రంగు కాంటాక్టులు మసకబారి ఉంటే మామూలు పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి, మళ్లీ పెట్టండి. మదర్‌బోర్డు మీద నిలువుగా ఉండే కెపాసిటర్ల నెత్తి ఉబ్బిందేమో చూడండి, ఉబ్బితే ఆ బోర్డు మీద ఇంక రూపాయి పెట్టొద్దు. ప్రాసెసర్ హీట్‌సింక్ కింద పేస్టు ఎండిపోయి ఉంటుంది, తుడిచి కొత్తది రాయండి. వేడెక్కిన ప్రాసెసర్ తన వేగం తనే తగ్గించుకుంటుంది, మనం విండోస్‌ని తిట్టుకుంటాం.

నాలుగోది సీమాస్ బ్యాటరీ, కరెంటు లేనప్పుడు తేదీ, టైము గుర్తుంచే సీఆర్2032 బిళ్ల. ఇది పోతే కరెంటు తీసిన ప్రతిసారీ తేదీ వెనక్కి వెళ్లి ఎప్పటిదో 2009లో కూర్చుంటుంది. అప్పుడు బ్రౌజర్ ఏ సైటూ తెరవదు, "సురక్షితం కాదు" అంటుంది. ఎందుకంటే సైటు సర్టిఫికెట్ ఇంకా పుట్టని రోజులో మీ సిస్టమ్ ఉంది. డెబియన్ అనే లినక్స్‌లో అప్‌డేట్ కూడా అదే కారణంతో ఆగిపోతుంది. ఓఎస్ మార్చినా ఇది పోదు. బ్యాటరీ మార్చాలి, అంతే.

హార్డ్‌డిస్క్ బతికుందో లేదో చూడ్డానికి స్మార్ట్‌మోన్‌టూల్స్ అనే ప్యాకేజీ ఉంది. అందులో రెండు వరుసలు చాలు: రీఅలొకేటెడ్ సెక్టార్లు (పాడైతే పక్కకి మార్చినవి), కరెంట్ పెండింగ్ సెక్టార్లు (ఇప్పుడు చదవలేకపోతున్నవి). రెండోది సున్నా కాకపోతే ఆ డిస్క్‌లో పిల్లల మార్కులు పెట్టకండి.

అసలు నేనైతే ఆ డిస్క్‌నే తీసేయమంటాను. తిరిగే డిస్క్ సెకనుకు వంద చోట్లకి కూడా పోయి చదవలేదు. తిరిగే భాగాల్లేని ఎస్ఎస్‌డీ ఎంత చవకదైనా వేలల్లో చదువుతుంది. కంప్యూటర్ బూట్ అయ్యేటప్పుడు, బ్రౌజర్ తెరుచుకునేటప్పుడు జరిగేది ఇదే, చిన్న చిన్న ఫైళ్లు వేల చోట్ల నుంచి చదవడం. "మాది సాటా-2 బోర్డు సార్, ఎస్ఎస్‌డీ దండగ" అంటారు కొందరు. డిస్క్‌ని బోర్డుకి కలిపే ఆ సాటా-2 దారి గరిష్ఠ వేగం సెకనుకు 300 ఎంబీ, నిజమే, కానీ మనకి కావలసింది ఆ వేగం కాదు, వెతుకులాట తగ్గడం. అది సాటా-2లోనూ తగ్గుతుంది. 240 జీబీది ఒకటి వేసుకోండి. డెస్క్‌టాప్ ఎంపికతో వచ్చే తేడా కన్నా దీంతో వచ్చే తేడా ఎక్కువ.

తర్వాత ర్యామ్. ఇక్కడ డబ్బులు పోగొట్టుకునేవాళ్లు ఎక్కువ, కాబట్టి కొంచెం నెమ్మదిగా చెప్తాను. జీ31 చిప్‌సెట్ బోర్డు అయితే పాతరకం ర్యామ్ డీడీఆర్2, మొత్తం 4 జీబీకి మించి పట్టదు. డీడీఆర్3 పట్టే జీ41 అయితే 8 జీబీ దాకా పడుతుంది, కానీ ఒక మెలిక ఉంది. 4 జీబీ స్టిక్ కొనేటప్పుడు దానిమీద నల్ల చిప్పులు లెక్కపెట్టండి. రెండు వైపులా కలిపి 16 ఉంటే జీ41 తీసుకుంటుంది. 8 చిప్పులే ఉంటే ఒక్కో చిప్పు సాంద్రత ఎక్కువ, ఆ బోర్డుకి అది అర్థం కాదు, తెరే రాదు. షాపువాడు "డీడీఆర్3యే కదండీ" అంటాడు. డీడీఆర్3యే, అయినా పనిచెయ్యదు. అలాగే మరీ చవకగా దొరికే స్టిక్‌లలో ఏఎండీ బోర్డుల్లో మాత్రమే పనిచేసేవి ఉంటాయి. లేబుల్ మీద ఆ ముక్క ఉందేమో చదివి తీసుకోండి. ల్యాప్‌టాప్ అయితే ఇంటెల్ నాలుగో తరం దగ్గర్నుంచి 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ అడిగేవి చాలా ఉన్నాయి. మామూలు 1.5 వోల్టులది పెడితే బీప్ కొట్టి ఊరుకుంటాయి.

ఇంక పెంటియం 4, పెంటియం డీ పెట్టెలు ఎవరి దగ్గరైనా ఉంటే, వాటిని వదిలేయండి. ఊరికే ఆన్‌లో ఉన్నా వంద వాట్ల దాకా తాగుతాయి. రోజుకి 8 గంటలు, నెలకి 25 రోజులు వేసుకుంటే 20 యూనిట్లు. నాలుగో తరం ఐ3 పాతది కొని పెడితే ఊరికే ఉన్నప్పుడు 30 వాట్ల లోపే, నెలకి 6 యూనిట్లు. కరెంటు బిల్లే కొత్త పాత సిస్టమ్ కొనిపెడుతుంది.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ గుమ్మం దగ్గరికొచ్చాం. మొదటి తనిఖీ, ప్రాసెసర్ 64-బిట్టా కాదా. చాలామంది "విండోస్ 7 ముప్పై రెండు బిట్ ఉంది కాబట్టి మాది ముప్పై రెండు" అనుకుంటారు. ఓఎస్ వేరు, ప్రాసెసర్ వేరు. కోర్ 2 డుయోలన్నీ 64-బిట్టే. నిజంగా 32-బిట్‌వి అంటే మొదటితరం కోర్ డుయో, పాత నెట్‌బుక్కుల్లో ఉండే ఆటమ్ ఎన్270 లాంటివి. ఇన్‌స్టాల్ చెయ్యకుండానే నడిచే లైవ్ పెన్‌డ్రైవ్‌తో లినక్స్ తెరిచి, టెర్మినల్‌లో ఎల్ఎస్‌సీపీయూ (lscpu) అని కొడితే రెండో వరుసలోనే చెప్పేస్తుంది.

నిజంగా 32-బిట్ అయితే మీ దారి సన్నబడింది. ఉబుంటు అనే లినక్స్ కుటుంబం ఎప్పుడో మానేసింది. డెబియన్ 12 దాకా 32-బిట్ ఇన్‌స్టాలర్ ఉంది. 2025 ఆగస్టులో వచ్చిన 13లో లేదు. క్రోమ్ 32-బిట్ లినక్స్‌ని 2016లోనే వదిలేసింది, ఫైర్‌ఫాక్స్ 144తో ఆపేసింది. డెబియన్ 12 ఆధారంగా వచ్చిన యాంటీఎక్స్ 23 అనే తేలిక లినక్స్ వేసి, టైపింగ్ నేర్పడానికో, ఇంటర్నెట్ లేకుండా పుస్తకాలు చదివించడానికో వాడండి. దాంట్లో బ్యాంకు పనులు చెయ్యొద్దు.

రెండో తనిఖీ గ్రాఫిక్స్. ఇది ఎవరూ చూడరు, అసలు దెబ్బ ఇక్కడే తగులుతుంది. సిన్నమన్, గ్నోమ్ లాంటి డెస్క్‌టాప్‌లు కిటికీల నీడలు, కదలికలు అన్నీ గ్రాఫిక్స్ చిప్పుతో గీయిస్తాయి. చిప్పు ఆ పని చెయ్యలేనిదైతే, లేదా డ్రైవర్ పట్టకపోతే, ఆ గీత పని మొత్తం ప్రాసెసర్ నెత్తిన పడుతుంది. ప్రాసెసర్‌తో అలా గీయించే సాఫ్ట్‌వేర్ పేరు ఎల్ఎల్‌వీఎం-పైప్ (llvmpipe). మెసా-యూటిల్స్ ప్యాకేజీ వేసి, జీఎల్ఎక్స్-ఇన్ఫో అని కొట్టి, ఖాళీ విడిచి డ్యాష్, పెద్ద బీ కొట్టండి (glxinfo -B). రెండరర్ అన్నచోట ఇంటెల్ అనో రేడియాన్ అనో ఉంటే సరే. ఎల్ఎల్‌వీఎం-పైప్ అని ఉంటే, మౌస్ కదిపినా ప్రాసెసర్ పరిగెడుతోందన్నమాట. ర్యామ్ 8 జీబీ ఉన్నా ఆ సిస్టమ్‌కి సిన్నమన్ వెయ్యకూడదు. ఇలాంటిచోట ఎక్స్‌ఎఫ్‌సీఈ, ఎల్ఎక్స్‌క్యూటీ, ఐస్‌డబ్ల్యూఎం అనే తేలిక డెస్క్‌టాప్‌లు ఎందుకు బాగుంటాయంటే, అవి తక్కువ ర్యామ్ తింటాయని మాత్రమే కాదు. ఆ నీడలు, మెరుపులు లేకుండా కూడా మామూలుగా నడుస్తాయి.

ఇప్పుడు తెరమీద చూడండి. ఇది 2 జీబీ ఉన్న కోర్ 2 డుయో. ర్యామ్ లెక్క చూడ్డానికి ఫ్రీ అని కొట్టి, ఖాళీ, డ్యాష్ హెచ్ (free -h). టోటల్ 1.9 జీబీ. యూజ్డ్, ఫ్రీ, షేర్డ్, బఫ్-క్యాష్, చివర అవైలబుల్. చాలామంది ఫ్రీ కింద అంకె చూసి "అయ్యో, 150 ఎంబీయే మిగిలింది" అని భయపడతారు. లినక్స్ ఖాళీ ర్యామ్‌ని ఊరికే ఉంచదు, చదివిన ఫైళ్లని అందులో దాస్తుంది, అడిగితే ఇచ్చేస్తుంది. చూడాల్సింది చివరి నిలువు వరుస, అవైలబుల్. ఇప్పుడు దాదాపు 1.4 జీబీ చూపిస్తోంది. ఫైర్‌ఫాక్స్ తెరుస్తున్నాను, ఖాళీ ట్యాబే. మళ్లీ కొడదాం. 1.1కి దిగింది. ఒక తెలుగు న్యూస్ సైటు. పేజీ పూర్తిగా వచ్చాక 750 ఎంబీ. ఇంకో రెండు ట్యాబులు తెరిస్తే ఈ సిస్టమ్ స్వాప్‌లోకి, అంటే ర్యామ్ చాలక డిస్క్‌ని ర్యామ్‌లా వాడే స్థితిలోకి, జారిపోతుంది. తిరిగే డిస్క్ మీద స్వాప్ అంటే అరకు ఘాట్‌లో రెండు లారీలు ఎదురుపడ్డట్టు, ముందుకీ పోదు, వెనక్కీ రాదు.

అందుకే డెస్క్‌టాప్ పట్టిక ఇంత చిన్నది. బూట్ అయ్యాక, ఏమీ తెరవకముందు, అటూ ఇటూగా: ఐస్‌డబ్ల్యూఎం ఉన్న యాంటీఎక్స్ 200 ఎంబీ పైన, ఎల్ఎక్స్‌క్యూటీ 400 నుంచి 500, ఎక్స్‌ఎఫ్‌సీఈ 500 నుంచి 700, సిన్నమన్, గ్నోమ్ అయితే దాదాపు 1 జీబీ, ఒక్కోసారి పైన. 1 జీబీ సిస్టమ్‌కి ఐస్‌డబ్ల్యూఎం తప్ప మార్గం లేదు. 2 జీబీకి ఎల్ఎక్స్‌క్యూటీ గానీ, కత్తిరించిన ఎక్స్‌ఎఫ్‌సీఈ గానీ. 4 జీబీ ఉండి ఎస్ఎస్‌డీ ఉంటే ఎక్స్‌ఎఫ్‌సీఈ వెయ్యండి, ఇంక ఆలోచించక్కర్లేదు. 4 జీబీ సిస్టమ్‌కి ఐస్‌డబ్ల్యూఎం వేసి, వైఫై ఎక్కడుందో, ప్రింటర్ ఎక్కడుందో తెలియక వాడేవాళ్లు తల పట్టుకుంటే, మీరు మిగిల్చిన 300 ఎంబీకి అర్థం లేదు. వారానికోసారి పిలుపొస్తుంది మీకు. తేలిక అన్నది ర్యామ్‌కే కాదు, వాడే మనిషికి కూడా.

కొందరు పాత పేరు మీద ఎల్ఎక్స్‌డీఈ అడుగుతారు. మంచిదే, కానీ దాన్ని వాడే లుబుంటు అనే లినక్స్ 18.10తోనే దాన్ని వదిలి ఎల్ఎక్స్‌క్యూటీకి మారింది. కొత్తగా వేసేవాళ్లు అటే వెళ్లండి.

డిస్ట్రో, అంటే డెస్క్‌టాప్‌తో కలిపి ఇచ్చే లినక్స్ రకం, ఏదంటే, 4 జీబీకి లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ, అంతకన్నా తక్కువకి డెబియన్. ఇన్‌స్టాలర్‌లో సాఫ్ట్‌వేర్ ఎంపిక తెర వచ్చినప్పుడు గ్నోమ్ దగ్గర టిక్ తీసి ఎల్ఎక్స్‌క్యూటీ దగ్గర పెట్టాలి. ఆ టిక్ తియ్యడం మర్చిపోతే రెండూ వచ్చి కూర్చుంటాయి. ఉబుంటులో ఫైర్‌ఫాక్స్ స్నాప్ అనే ప్యాకేజీ రూపంలో వస్తుంది, పాత డిస్క్ మీద మొదటిసారి తెరుచుకోవడానికి టీ తాగి రావచ్చు. మింట్‌లో ఆ బాధ లేదు.

ఎక్స్‌ఎఫ్‌సీఈని కత్తిరించడం ఎలాగో చూపిస్తాను. సెట్టింగ్స్‌లో విండో మేనేజర్ ట్వీక్స్, చివరి ట్యాబు కంపోజిటర్, అందులో టిక్ తీసేయండి. నీడలు పోతాయి, కిటికీ లాగుతుంటే తెల్ల ముక్కలు ఒక్క క్షణం కనబడొచ్చు, పర్వాలేదు. తర్వాత సెషన్ అండ్ స్టార్టప్, అప్లికేషన్ ఆటోస్టార్ట్. బ్లూటూత్ లేని సిస్టమ్‌లో బ్లూటూత్ ఆప్లెట్ ఎందుకు? ప్రింటర్ లేకపోతే ప్రింట్ క్యూ ఆప్లెట్ ఎందుకు? తీసేయండి. నెట్‌వర్క్ ఆప్లెట్‌ని మాత్రం ముట్టుకోవద్దు, వైఫై చిహ్నం మాయమవుతుంది. అదే కిటికీలో లాగౌట్ అయ్యేటప్పుడు సెషన్ దాచుకునే ఎంపిక ఉంటుంది, అది కూడా తీసేయండి. లేకపోతే నిన్న తెరిచిన ప్రోగ్రాములన్నీ ఈరోజు బూట్ కాగానే మళ్లీ తెరుచుకుంటాయి, "లినక్స్ కూడా స్లో అయిపోయింది సార్" అని ఫోనొస్తుంది.

ఇప్పుడు అందరూ రాసుకోవాల్సింది, జెడ్-ర్యామ్. ర్యామ్‌లోనే కొంత భాగాన్ని స్వాప్‌గా పెట్టి, అందులో పడేసేదాన్ని కుదించి దాస్తుంది. మామూలుగా రెండు మూడింతలు కుదురుతుంది. డెబియన్‌లో జెడ్-ర్యామ్-టూల్స్ (zram-tools) ప్యాకేజీ వేసి, ఈటీసీలో డిఫాల్ట్ ఫోల్డర్‌లో జెడ్-ర్యామ్-స్వాప్ (zramswap) అనే ఫైలు తెరవండి. పర్సెంట్ అన్న వరుస ముందు హ్యాష్ గుర్తుంటుంది, అది చెరిపి 50 అని ఉంచండి. హ్యాష్ చెరపకుండా అంకె మార్చి, మారలేదంటారు చాలామంది. ఆల్గో వరుసలో ఎల్‌జెడ్4 ఉంటే పాత ప్రాసెసర్‌కి అదే మంచిది, కుదింపు కాస్త తక్కువైనా పని త్వరగా అవుతుంది. సర్వీస్ రీస్టార్ట్ చేసి, జెడ్-ర్యామ్-సీటీఎల్ (zramctl) అని కొడితే కనబడాలి. దీంతోపాటు ఎర్లీ-ఊమ్ (earlyoom) వేసుకోండి. ర్యామూ స్వాపూ రెండూ 10 శాతం కన్నా కిందికి పడితే, ఎక్కువ తింటున్న ప్రోగ్రాముని అదే ఆపేస్తుంది, చాలాసార్లు అది ఒక బ్రౌజర్ ట్యాబే అవుతుంది. ఒక ట్యాబు పోతుంది, సిస్టమ్ మిగులుతుంది. పవర్ బటన్ నొక్కి పట్టుకునే పని ఉండదు.

బ్రౌజర్‌లో చెయ్యాల్సింది రెండే. ఒకటి, ఫైర్‌ఫాక్స్‌లో ప్రకటనలు ఆపే యాడ్-ఆన్ యూబ్లాక్ ఆరిజిన్. పాత సిస్టమ్‌లో ఇది ప్రకటనల కోసం కాదు, ప్రకటనల వెనక పరిగెత్తే స్క్రిప్టుల కోసం. రెండు, యూట్యూబ్. అది మామూలుగా వీడియోని వీపీ9 లేదా ఏవీ1 అనే పద్ధతిలో కుదించి పంపిస్తుంది. వీపీ9ని చిప్పుతో పూర్తిగా విప్పగలిగేది ఇంటెల్‌లో ఏడో తరం నుంచి. పాత పద్ధతి హెచ్.264ని రెండో తరం నుంచే విప్పగలవు. అంతకన్నా పాతవాటిలో చాలావరకు పని ప్రాసెసర్‌దే, అయినా హెచ్.264 దానికి తక్కువ బరువు. ఎన్‌హ్యాన్స్‌డ్ హెచ్264ఐఫై అనే యాడ్-ఆన్ వేసి వీపీ9, ఏవీ1 రెండూ అడ్డుకోండి. 480పీ పెట్టి చూపిస్తే తరగతి గదికి చాలు.

ఆఫీసు పనికి అబీవర్డ్ తేలిక, కానీ బయటినుంచి వచ్చే డాక్ఎక్స్ ఫైళ్లలో పట్టికలు చెదురుతాయి. లిబ్రెఆఫీస్‌నే ఉంచండి, తెరిచినప్పుడే ర్యామ్ తింటుంది. టూల్స్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్‌లో జావా వాడకం టిక్ తీస్తే కాస్త త్వరగా తెరుచుకుంటుంది. వీడియోకి ఎంపీవీ. మిగతావి డెస్క్‌టాప్‌తో వచ్చినవే వాడండి.

తెలుగు సంగతి. ఫాంట్స్-టెలు ప్యాకేజీ వేస్తే పోతన, వేమన ఫాంట్లు వస్తాయి. టైపింగ్‌కి ఐబస్ అక్కర్లేదు, అది వెనకాల ఎప్పుడూ నడుస్తూ ఉండే ప్రోగ్రాం. కీబోర్డ్ సెట్టింగ్స్‌లో లేఅవుట్ ట్యాబుకి వెళ్లి తెలుగు చేర్చి, మారడానికి ఆల్ట్-షిఫ్ట్ పెట్టండి. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు మీటల అమరిక వచ్చినవాళ్లకి ఇది చాలు, ర్యామ్ ఖర్చు లేనట్టే. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టేవాళ్లకి మాత్రం ఐబస్ ఎం17ఎన్ కావాలి.

ఇప్పుడు ప్రశ్నలు.

(ఒక ఉపాధ్యాయిని: మా బళ్లో పన్నెండు సిస్టమ్స్ ఉన్నాయండి, ఒక్కోదాంట్లో 2 జీబీ. డబ్బులు లేవు.)

డబ్బులు లేకపోతే పన్నెండుని ఎనిమిది చెయ్యండి మేడమ్. బోర్డులన్నీ ఒకటే రకమా? అయితే బాగా లేని నాలుగిటి ర్యామ్ తీసి, మిగతావాటిలో నాలుగిటికి 4 జీబీ చెయ్యండి. ఆ నాలుగూ ఇంటర్నెట్‌కి, మిగతా నాలుగూ టైపింగ్‌కి, డ్రాయింగ్‌కి. పన్నెండూ ఆన్ అయి ఏదీ కదలకపోవడం కన్నా అది నయం. ఒకదాంట్లో అంతా సరిచేసి, క్లోన్‌జిల్లా అనే డిస్క్ కాపీ సాఫ్ట్‌వేర్‌తో మిగతావాటికి కాపీ చెయ్యండి. గమ్యం డిస్క్ మూలం కన్నా చిన్నది కాకూడదు. కాపీ అయ్యాక ప్రతిదానికీ హోస్ట్‌నేమ్, అంటే నెట్‌వర్క్‌లో దాని పేరు, మార్చండి. లినక్స్ ఒక్కో సిస్టమ్‌కి ఇచ్చుకునే గుర్తు మెషీన్-ఐడీ కూడా మార్చాలి, లేకపోతే రెండు సిస్టమ్స్‌కి రౌటర్ ఒకే ఐపీ ఇచ్చే అవకాశం ఉంది, ఒకదాంట్లో నెట్ వస్తే ఇంకోదాంట్లో పోతుంది.

(ఒకరు: మాది గాజువాకలో డీటీపీ షాపు సార్. పేజ్‌మేకర్, అను ఫాంట్లు లేకపోతే మాకు పని జరగదు.)

జరగదు, నేనూ కాదనను. లినక్స్‌లో విండోస్ ప్రోగ్రాములు నడిపే వైన్‌లో పేజ్‌మేకర్ తెరుచుకున్నా, అను కీబోర్డు ప్రోగ్రాం మీ మీటలని మధ్యలో పట్టుకుని పనిచేస్తుంది, దాన్ని అక్కడ నమ్ముకోలేం. ఆ ఒక్క సిస్టమ్‌లో పాత విండోస్ అలాగే ఉంచి, నెట్ కేబుల్ పీకేయండి. పక్క సిస్టమ్‌లో లినక్స్ వేసి మెయిలూ వాట్సాపూ అక్కడ తెరవండి, పీడీఎఫ్ పెన్‌డ్రైవ్‌లో మార్చుకోండి. అనులో కొట్టినదాన్ని బ్రౌజర్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులొస్తాయి, అది యూనికోడ్ కాదు. కన్వర్టర్‌లో వేసి ఇవ్వాలి.

(అదే వ్యక్తి: ప్రింటర్ కానన్ ఎల్‌బీపీ 2900.)

అదే అడుగుతారనుకున్నాను. అది క్యాప్ట్ అనే కానన్ సొంత భాష మాట్లాడుతుంది, లినక్స్‌లో గుచ్చగానే రాదు, డ్రైవర్ విడిగా ఎక్కించాలి, ఎక్కించినా అప్‌డేట్ తర్వాత మొరాయించొచ్చు. మీ షాపులో విండోస్ సిస్టమ్ ఎలాగూ ఉంటుంది కదా, ప్రింటర్ దానికే తగిలించి ఉంచండి. హెచ్‌పీ 1020 అయితే హెచ్‌పీ-లిప్ (hplip) అనే డ్రైవర్ ప్యాకేజీ వేసి, అది అడిగే ప్లగిన్ దింపుకుంటే సరిపోతుంది. మీసేవలాంటి పనులకి వేలిముద్ర పరికరం, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ వాడేవాళ్లు కూడా ఇదే చూడండి. మీ మోడల్‌కి లినక్స్ డ్రైవర్ ఉందో లేదో తయారీదారు సైట్‌లో చూశాకే విండోస్ చెరపండి.